తలుపు బయట తొమ్మిదో నంబరు చెప్పులు

ఫిబ్రవరి 3, గురువారం

స్వరూప మళ్లీ ఫోను. మీకు హోటల్ ఎక్కడ చూడమంటారు మేడం, అని. తార్నాకలో అయితే యూనివర్సిటీకి దగ్గర, సికింద్రాబాదులో అయితే పెద్దవి దొరుకుతాయి, మీ ఇష్టం అంటుంది. ఆ 'మీ ఇష్టం' వింటేనే ఒళ్లు మంట. ఎనిమిదేళ్లు పీహెచ్‌డీ చేసిన మనిషికి ఒక హోటల్ ఎంచడం రాదా? వైవాకి బయటి పరీక్షకురాలు వస్తే బస, బండి, భోజనం అన్నీ పరిశోధకులే చూసుకోవాలి. అది ఆనవాయితీ. నా కాలంలో మా ఎగ్జామినరుకి ఇడ్లీ చల్లారిందని నేను బాత్రూంలోకి పోయి ఏడ్చాను. ఇప్పుడు నా వంతు.

షరతులు చెప్పాను. రాసుకోమన్నాను. కింది అంతస్తు వద్దు, ఎవడైనా కిటికీలోంచి తొంగిచూస్తాడు. చివరి అంతస్తు వద్దు, అరిచినా వినపడదు. బార్ ఉంటే వద్దు. తలుపుకి లోపలివైపు గొళ్లెం ఉండాలి, ఆ గుండ్రటి తాళం ఒక్కటే ఉంటే నేను గడప తొక్కను. ఇంకో మాట — ఇకమీదట నాకు ఫోన్లు వద్దు. ఫోను చేసి పిలిచేది ఆటోవాణ్ణి. నన్ను వచ్చి, తలుపు తట్టి, తీసుకుపోవాలి.

సరే మేడం అంది. వెనకాల రైలు కూత. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ పక్కనే కదా వాళ్లిల్లు.

ఫిబ్రవరి 5, శనివారం

స్వరూప థీసిస్ మళ్లీ తిరగేశాను. రైల్వే వర్క్‌షాపు పనివాళ్ల చరిత్ర. వాళ్ల నాన్న అక్కడే ఖలాసీగా చేసి రిటైరయ్యాడట. నాలుగో అధ్యాయం... చదువుతుంటే నాకు కడుపు మండింది. ముప్పై ఏళ్లలో నేను రాసినవన్నీ కలిపినా ఆ ఒక్క అధ్యాయానికి సరిరావు. రిపోర్టులో మాత్రం 'సంతృప్తికరం' అని ఎప్పుడో రాసి పంపేశాను. అదే ఎక్కువ.

తమ్ముడు ఫోను. అక్కడ రోజుకో బంద్, ఒక్కదానివే పోవద్దక్కా అని. ఆంధ్రావాళ్లని పొమ్మంటున్నారట. మనది ఆంధ్ర యాడరా, సీమ, అన్నాను. వాళ్లకి అంతా ఒకటే అన్నాడు. అయినా పోతాను. ఒక్కదాన్నే పోవడం నాకు కొత్తా ఏమన్నానా.

ఫిబ్రవరి 7, సోమవారం

బట్టలు సర్దాను. అడుగున చెప్పుల జత, పేపర్లో చుట్టి.

ఈ పుస్తకానికి తప్ప ఎవరికీ తెలియని సంగతి అది. ఇరవై రెండేళ్ల కిందట ఒక ఊళ్లో, లాడ్జి గది తలుపు రెండుసార్లు కొట్టి 'ఏమైనా కావాలా మేడం' అని నవ్వినవాడి పుణ్యం. తిరిగొచ్చి మగవాళ్ల తోలు చెప్పులు కొన్నాను. తొమ్మిదో నంబరు. కొట్టాయన, సార్‌ని తీసుకురండి కాలికి చూద్దాం అన్నాడు. సార్ ఊళ్లో లేరన్నాను. ఇంటికొచ్చి మేడమీది గచ్చుకేసి రుద్ది రుద్ది అరగదీశాను, మడమల దగ్గర కాస్త ఎక్కువ. కొత్త చెప్పులకి ఎవడూ భయపడడు. ఏ ఊళ్లో అయినా గదిలోకి పోగానే తలుపు బయట పెడతాను. ఆ రోజు నించి నా తలుపు కొట్టినవాడు లేడు.

ఫిబ్రవరి 8, మంగళవారం

కాచిగూడలో దిగాను. స్వరూప ప్లాట్‌ఫాం మీదే ఉంది, ఎంతసేపట్నించో. ముప్పై ఆరేళ్లంటారు, అంతకంటే పెద్దగా కనిపిస్తుంది. బ్యాగు నా చేతిలోంచి లాక్కుంది. మోయనిచ్చాను.

తార్నాకలో మొదటి హోటల్ — గది కింది అంతస్తులో. కిటికీ రెక్క తీస్తే ఫుట్‌పాత్ మీద మిర్చి బజ్జీల బండి. నేనేం చెప్పాను, నువ్వేం రాసుకున్నావు, అన్నాను. మేడ మీద ఉన్నయన్నరు మేడం, ఇప్పుడు లేవంటున్నరు అంది. రెండోది — మెట్లెక్కుతుంటేనే బ్రాందీ కంపు. మూడోదాంట్లో కౌంటర్ దగ్గరివాడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఒక్కరేనా? ఒంటరి లేడీస్‌కు ఇస్తలేం మేడం. క్యాంపస్ పక్కకే ఉన్నది, పోలీసోళ్లు వచ్చి వంద ప్రశ్నలు అడుగుతున్నరు." యాభై ఆరేళ్ల ముసలిదాన్ని నేను వెళ్లి రాళ్లు వేస్తానా? నా మీద వేస్తారనా? వాణ్ణి ఏమీ అనలేక, ఆటోలో కూర్చున్నాక స్వరూపని అన్నాను. హోటల్ చూడ్డమే రాకపోతే రేపు కాలేజీలో పిల్లలకి ఏం నేర్పిస్తావే, అన్నాను. ఆటోవాడు అద్దంలోంచి చూశాడు. స్వరూప రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.

నాలుగోది. రెండో అంతస్తు, 204. గొళ్లెం గట్టిది, చేత్తో లాగి చూశాను. రిజిస్టరులో రాస్తూ కౌంటరాయన, సార్ రారా అన్నాడు. నోరు దానంతటదే పలికింది — మా ఆయన రేపు తెల్లవారే బండికి వస్తున్నారు. స్వరూప నేల చూసింది. దానికి తెలుసు. వైవా నోటీసులో నా పేరు ముందు 'కుమారి' అని అచ్చు వేశారు. యాభై ఆరేళ్ల కుమారి.

గది దాకా వచ్చి, వాకిట్లోనే నిలబడి చెప్పింది. సోమవారం పోస్టుకి సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఉందట. డిగ్రీ కాలేజీ, పర్మనెంటు. "అప్పటికి వైవా అయినట్టు కాగితం చేతిల ఉండాలె మేడం. వయసు దాటిపోతున్నది. ఇదే ఆఖరుది నాకు."

ముందు రేపు జవాబులు సరిగ్గా చెప్పు, అన్నాను. వైవా పదింటికి. తొమ్మిదిన్నరకి వచ్చి తలుపు తట్టమన్నాను.

అది పోయాక చెప్పులు బయట పెట్టాను, ముక్కులు తలుపు వైపు. తమ్ముడు ఇప్పటికి మూడుసార్లు ఫోను. ఫోను ఆపేసి పడేశాను.

ఫిబ్రవరి 9, బుధవారం

తొమ్మిదిన్నర దాటింది. పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. తట్టేవాళ్లు లేరు. కిందికి దిగి చూద్దును గదా — సోఫాలో కూర్చుని ఉంది, ఒళ్లో ఫైలు పెట్టుకుని. కళ్లు ఎర్రగా.

రాత్రికి రాత్రి బంద్ ప్రకటించారట. తొమ్మిదింటికల్లా క్యాంపస్ గేట్లు పడతాయని, డిపార్ట్‌మెంటు హెడ్డు వైవాని ఎనిమిదికి జరిపాడట. నన్ను తీసుకుపోవడానికి ఏడింటికే వచ్చిందట. ఇప్పుడు గేట్లు పడ్డాయి, హెడ్డు ధర్నాకి వెళ్లిపోయాడు.

ఏడింటికి వచ్చి ఇక్కడ గుడ్లప్పగించి కూర్చున్నావా? తలుపు తట్టడానికి చేతులు లేవా?

"డిస్టర్బ్ అయితరేమోనని మేడం."

ఫోనైనా చేయొచ్చు గదా అన్నాను.

"చేయొద్దన్నరు గద మేడం."

కౌంటరాయన ఎందుకో మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకుంటున్నాడు. నాకు అర్థం కాలేదు.

తర్వాత, మధ్యాహ్నం —

నడుచుకుంటూ రాములుగారింటికి పోయాం. దాని గైడు, తార్నాకలోనే ఇల్లు. దుకాణాలన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. మూల మీద టైరు కాలుతోంది. జై తెలంగాణ అంటూ పిల్లలు ఎదురొచ్చారు. స్వరూప కూడా గొంతు కలిపి, నన్ను తన వెనక్కి జరుపుకుంది. ఎవరూ నన్నేం అనలేదు.

రాములుగారు మంచివాడే, కానీ ఇవాళ దాన్ని వాయించేశాడు. "ఒక్కటే పని చెప్పిన. మేడంను తోలుకరా అన్న. హెడ్డు, నేను గంట కూసున్నం. నిద్రపోయినవా?"

అది నా వైపు చూడలేదు. లేటైంది సార్, నాదే తప్పు అంది.

విని ఆశ్చర్యపోయాను. ఏడింటికే వచ్చిన మనిషి ఆ మాట ఎందుకు చెప్పుకోదు? అయినా మనకెందుకులే అనుకుని, ఊరుకోక, నోరు పారేసుకున్నాను — మా దగ్గర చదివే పిల్లలైతే తెల్లారేసరికి తలుపు ముందర నిలబడి ఉంటారండీ, అని. ఒక్కసారి తలెత్తి చూసింది. అంతే.

హెడ్డు రిజిస్టరులో 'అభ్యర్థి హాజరు కాలేదు' అని రాసి పోయాడట. అలా పడితే మళ్లీ తేదీకి నెలలు. సోమవారం వెరిఫికేషన్ గోవిందా. రాములుగారి భార్య టీ ఇచ్చింది. స్వరూప ముట్టుకోలేదు. నాది వేడిగా ఉంది, తాగాను.

సాయంత్రం —

గది ఊడవడానికి సత్తెమ్మ వచ్చింది. నా ఈడుది. ఊడుస్తూ ఊడుస్తూ అడిగింది. "సారు బయటికి పోయిండా అమ్మా?"

ఏ సారు?

"మీ సారే. పొద్దుగాల్ల ఆ పిల్ల వచ్చింది గద. తలుపు కొట్టెటందుకు చెయ్యి లేపింది. చెప్పులు చూసింది. ఆగింది. నేను గూడ అన్న, లోపల సారున్నడు, జర ఆగు బిడ్డా అని. మల్ల కిందికి దిగిపోయింది."

సత్తెమ్మ పోయేదాకా మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను.

ముందు దాని మీదే కోపం వచ్చింది. దాని బుద్ధి అటు పోయిందా అని. ఇంకెటు పోతుంది? మా ఆయన వస్తున్నాడని నేను అబద్ధం చెప్పడం విన్నది. నాకు ఆయన లేడని దానికి తెలుసు. తెల్లారి వచ్చి చూస్తే తలుపు బయట మగ చెప్పులు. మేడం లోపల ఎవరితోనో ఉందనుకుంది. తలుపు కొడితే నా పరువు పోతుందని కొట్టలేదు. కాగితం పోయినా సరే, రెండున్నర గంటలు సోఫాలో కూర్చుంది. గైడు దగ్గర తిట్లు తిని నా పరువు కాచింది.

ఒక్క ఫోను చేస్తే చాలు రాములుగారికి. ఆ పిల్ల ఏడింటికే వచ్చిందండీ అని ఒక్క ముక్క. ఫోను తీశాను. మరెందుకు తలుపు తట్టలేదు అని అడుగుతాడు. పెట్టేశాను.

ఫిబ్రవరి 10, గురువారం

రెండో రోజు బంద్. హోటల్ వంటిల్లు మూసేశారు. బిస్కెట్లు తిని కూర్చున్నాను.

ఒంటిగంటకి సత్తెమ్మ వచ్చి, ఆ పిల్ల మెట్ల కాడ నిలబడ్డది, మిమ్మల్ని పిలుస్తున్నది అంది. పోయాను. లాలాగూడ నించి ఎండలో నడిచొచ్చింది, చేతిలో క్యారియర్. నా తలుపు వైపు చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడింది. చెప్పులు అక్కడే ఉన్నాయి. నేనే తీయలేదు.

జొన్నరొట్టెలు, వంకాయ కూర, అన్నం, పచ్చిపులుసు. వాళ్లమ్మ చేసిందట.

"ఇద్దరికి సరిపోతది మేడం."

అంత నెమ్మదిగా చెప్పింది, సత్తెమ్మకి కూడా వినపడకుండా. తర్వాత, ఇంకా నెమ్మదిగా — "నేనేం చూడలే మేడం. ఎవరికీ చెప్ప."

ఇక్కడ ఆగి రాస్తున్నాను. అక్కడే, ఆ మెట్ల మీదే చెప్పొచ్చు. లోపల ఎవరూ లేరే పిచ్చిదానా, అవి నేనే కొన్నాను, నేనే అరగదీశాను, వాటిలో ఏ మగవాడి కాలూ పడలేదు, అని. చెప్పలేకపోయాను. గదిలో ఎవడో ఉన్నాడని అది అనుకోవడం నాకు సిగ్గు కాలేదు. ఎవడూ లేడని, ఎప్పుడూ లేడని నా నోటితో చెప్పడం సిగ్గయింది. అదీ నిజం. నిన్నటినించి ఆ పిల్ల నా వైపు కాస్త మెత్తగా చూస్తోంది, నాలోనూ ఒక మనిషిని చూసినట్టు. చెబితే అది పోతుందని కూడా.

నేనన్న మాట: నీకెందుకే అవన్నీ, నీ పని నువ్వు చూసుకో.

సరే మేడం అంది. తర్వాత అసలు సంగతి. రాములుగారు హెడ్డుతో మాట్లాడారట. ఆలస్యం అభ్యర్థి వల్ల కాదు, నా వల్లే, అని కారణం చూపించి నేనొక కాగితం రాసిస్తే రిజిస్టరులో మారుస్తారట. గేట్లు సోమవారానికి గానీ తెరవరట; ఆ పొద్దున ఇక్కడి ప్రొఫెసర్‌తోనే వైవా జరిపించి, అప్పటికప్పుడు అయినట్టు కాగితం ఇస్తారట. మధ్యాహ్నం రెండింటికి వెరిఫికేషను. అందుతుంది.

చూస్తాలే అన్నాను.

ఇద్దరి తిండీ నేనే తిన్నాను. సగం క్యారియర్ వెనక్కి పంపితే గదిలో ఇంకెవరూ లేరని తెలిసిపోదూ. చివరి రొట్టె నీళ్లు తాగి తాగి మింగాను. వంకాయ కూర మాత్రం అమోఘం. తర్వాత కక్కుకున్నాను.

ఫిబ్రవరి 11, శుక్రవారం

కాగితం ఇప్పటికి మూడుసార్లు రాశాను. 'అస్వస్థత వల్ల' అని ఒకటి. చింపేశాను. ముప్పై ఏళ్లలో ఏ వైవాకీ ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు నేను. ఆ పేరు దీనికోసం పోగొట్టుకోవాలా? 'సమాచారం అందనందువల్ల' అని ఇంకొకటి. అది మళ్లీ దాని మెడకే చుట్టుకుంటుంది. ఉన్నదున్నట్టు రాయడం... ఛీ, నలుగురు చదివే కాగితం. మూడోదాంట్లో కారణం రాయాల్సిన చోట ఖాళీ వదిలి, కింద సంతకం పెట్టి బ్యాగులో వేసుకున్నాను.

చెప్పులు గదిలోనే మంచం కిందికి తోసేసి వచ్చాను. ఇరవై రెండేళ్లు చాలు.

సాయంత్రం, రైల్లో —

స్వరూప స్టేషనుకి వచ్చింది. రావొద్దన్నా వచ్చింది. నాకు కిటికీ పక్క సీటు చూపించి, నీళ్ల బాటిల్ కొనిచ్చి, కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడింది. కాగితం అడగలేదు. అడిగితే ఇచ్చేసేదాన్నేమో. ఏమో.

బండి కదిలే ముందు సంచిలోంచి పేపరు పొట్లం తీసింది. కిటికీ కడ్డీల సందు చాలలేదు. పరుగెత్తి తలుపు దగ్గరికి వచ్చి, ఎక్కి, నా ఒళ్లో పెట్టింది. అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగి —

"సారు చెప్పులు మరిచిపోయిండు మేడం. సత్తెమ్మ ఇచ్చింది."

తీసుకున్నాను. థ్యాంక్స్ అన్నాను. అవును, అదే అన్నాను. బ్యాగు కాళ్ల దగ్గరే ఉంది, జిప్పు లాగితే కాగితం పైనే ఉంది. అది దిగింది. బండి మౌలాలి వైపో ఎటువైపో, నేను బయటికి చూడలేదు.

ఫిబ్రవరి 12, శనివారం

ఇల్లు. తమ్ముడు వచ్చి, క్షేమంగా వచ్చావు గదా అక్కా, వాళ్లేం అనలేదు గదా, అన్నాడు. ఏం అనలేదు రా అన్నాను.

ఫిబ్రవరి 13, ఆదివారం

రాములుగారు ఫోను. మర్యాదగానే మాట్లాడాడు. రేపు పొద్దున పదకొండు దాకా హెడ్డు ఆఫీసులో ఉంటాడట, ఫ్యాక్సు కోసం. స్వరూప ఏం చెప్పింది అని అడిగాను. "ఏం చెప్తలేదు మేడం. నిద్రపట్టి లేటైంది అంటున్నది. కానీ ఆ పిల్ల అట్ల చేసే మనిషి కాదు, ఎనిమిదేండ్ల సంది చూస్తున్న." చూద్దాం అన్నాను.

నాలుగో అధ్యాయం మళ్లీ తీశాను. వర్క్‌షాపులో చెయ్యి తెగిన పనివాడు, ఫోర్‌మన్ పేరు చెప్పకుండా, నాదే తప్పు అని రాయించి ఇచ్చిన కథ ఉంది అందులో. వాళ్ల నాన్న చెప్పినదట. పుస్తకం మూసేశాను.

ఫిబ్రవరి 14, సోమవారం

పదింబావు. కాగితం టేబుల్ మీద. ఫ్యాక్సు ఉన్న కొట్టు వీధి చివరే, నడిస్తే మూడు నిమిషాలు. పెన్ను మూత తీసి ఉంది.

'ఆ ఉదయం పరిశోధకురాలు ఏడు గంటలకే నా గది వద్దకు వచ్చినది. నా గది బయట' —

ఇక్కడిదాకా వచ్చింది.

పది ముప్పై. చీర మార్చుకున్నాను. పొట్లం ఇంకా విప్పలేదు.

పది నలభై. ఫోను. స్వరూప. నేను చేయొద్దన్నాక ఆ పిల్ల నాకు ఫోను చేయడం ఇదే మొదటిసారి.

మోగుతోంది.